ఎదురు డబ్బు కట్టి పని తెచ్చుకోవద్దు: మిస్టరీ షాపింగ్‌లో నా అనుభవ పాఠాలు

ఇర్వింగ్‌లో గుడికి వెళ్ళినప్పుడో, మనవరాలి డాన్సు క్లాసు బయట కూర్చున్నప్పుడో ఎవరో ఒక అమ్మాయి పక్కన చేరి అడుగుతుంది: "ఆంటీ, మిస్టరీ షాపింగ్ చేద్దామనుకుంటున్నాను. ముందు సర్టిఫికెట్ తీసుకోవాలట, డబ్బు కట్టనా?" డాలస్ చుట్టుపక్కల పదహారేళ్ళు ఈ పని చేశాను. మామూలు కస్టమర్‌లా బర్గర్ షాపుకో, బ్యాంకుకో, అద్దె ఇళ్ళ ఆఫీసుకో వెళ్ళి, అక్కడ మనతో ఎలా మసలుకున్నారో గమనించి, ఇంటికొచ్చి రిపోర్ట్ రాయాలి. ఆ కాస్త సమయంలో గుడి మెట్ల మీద చెప్పలేకపోయినవన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. పని ఇచ్చేవారు మన దగ్గర డబ్బు అడగరు

మా ఊళ్ళో ఏ కూలీ ఎదురు డబ్బు కట్టి నాట్లకు దిగలేదు. ఇక్కడా అంతే. నిజమైన మిస్టరీ షాపింగ్ కంపెనీల్లో పేరు నమోదు చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. అమెరికా ప్రభుత్వ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా ఏళ్ళ తరబడి ఇదే చెబుతోంది: మిస్టరీ షాపర్ కావడానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. "సర్టిఫికెట్ ఉంటేనే పని" అని ఎవరైనా అన్నారంటే, వాళ్ళు పని ఇచ్చేవాళ్ళు కాదు, సర్టిఫికెట్ అమ్ముకునేవాళ్ళు. ఈ ఒక్క మాట గుర్తున్నా చాలు.

2. సర్టిఫికెట్లన్నీ ఒకటి కావు

నేను ఈ పని మొదలుపెట్టిన ఏడాది ఒక సంస్థకు 49 డాలర్లు కట్టాను. రంగురంగుల సర్టిఫికెట్, దాంతోపాటు "పని ఇచ్చే కంపెనీల జాబితా" పంపారు. ఆ జాబితాలోని కంపెనీలన్నీ ఎవరైనా ఉచితంగా చేరగలిగినవే. ఆ సర్టిఫికెట్ ఏమిటని ఏ కంపెనీ నన్ను అడగలేదు. అప్పట్లో 49 డాలర్లంటే మా ఇంట్లో వారం కూరగాయలు, పాలు.

దీనికి పూర్తిగా వేరైనది ఎమ్‌ఎస్‌పీఏ సర్టిఫికెట్. ఎమ్‌ఎస్‌పీఏ అంటే మిస్టరీ షాపింగ్ కంపెనీలు కలిసి 1998లో అమెరికాలో పెట్టుకున్న సంఘం. దాని సిల్వర్ సర్టిఫికెట్‌కు నేను 15 డాలర్లు కట్టాను, ఇంట్లో కూర్చునే కంప్యూటర్‌లో చదివి పరీక్ష రాశాను. అప్పట్లో గోల్డ్‌కు రోజంతా శిక్షణ ఉండేది, దాదాపు వంద డాలర్లు తీసుకునేవారు. చాలా కంపెనీల దరఖాస్తులో ఆ సర్టిఫికెట్ నంబరు రాసుకునే గడి ఒకటి ఉండేది. నంబరు లేదని మాత్రం నన్ను ఎవరూ వెనక్కి పంపలేదు.

3. ముందు పది షాపులు, ఆ తర్వాతే సర్టిఫికెట్

మా భాషలో "షాపు" అంటే ఒక్కసారి వెళ్ళి చేసొచ్చే పని. లెక్క చూడండి. ఒక చిన్న షాపులో మనం తిన్న బర్గర్ ఖర్చు తిరిగి ఇచ్చి, పైన పది డాలర్లు ఇచ్చారనుకుందాం. పోను రాను అరగంట, అక్కడ ఇరవై నిమిషాలు, రిపోర్ట్ రాయడానికి ఒక గంట. అంటే గోల్డ్‌కు కట్టిన వంద డాలర్లు రాబట్టడానికి పది షాపులు, పద్దెనిమిది గంటలకు పైగా కష్టం. పెట్రోలు ఖర్చు వేరే. ఈ పని మీ ఒంటికి, మీ ఇంటి వేళలకు సరిపడుతుందో లేదో తెలియకముందే ఆ బరువు ఎందుకు ఎత్తుకోవాలి?

ఇందులో పన్ను సంగతి కూడా ఉంది. ఈ పనిలో మనం ఉద్యోగులం కాము, సొంతంగా కాంట్రాక్టు చేసేవాళ్ళం. ఏడాదిలో ఖర్చులు పోను 400 డాలర్లు గానీ అంతకు మించి గానీ మిగిలితే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను లెక్క చూపించాలి. ఇప్పటికే చేస్తున్న పనిలో నైపుణ్యం పెంచుకోవడానికి కట్టిన రుసుమును ఖర్చుగా చూపించుకోవచ్చు. కొత్త వృత్తిలోకి అడుగుపెట్టడానికి కట్టినదానికి ఆ వీలు లేదు. అందుకే ముందు పని, తర్వాతే చదువు. రసీదు మాత్రం దాచుకోండి.

4. సిల్వర్ చదువులో పనికొచ్చేది ఒకటుంది

చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు. వినడానికి చిన్న మాటే, అలవాటు కావడానికి నాకు ఏడాది పట్టింది. నా మొదటి బ్యాంకు రిపోర్ట్‌లో "ఆమె విసుగ్గా మాట్లాడింది" అని రాస్తే, రిపోర్టులు సరిచూసే కంపెనీ ఎడిటర్ వెనక్కి పంపింది. విసుగు అనేది నా అభిప్రాయం. నేను నిజంగా చూసిందేమిటి? "నేను అడిగిన రెండు ప్రశ్నలకూ ఆమె కంప్యూటర్ వైపే చూస్తూ, తల ఎత్తకుండా జవాబు చెప్పింది." రెండో వాక్యం చదివిన మేనేజర్‌కు దిద్దాల్సిందేమిటో తెలుస్తుంది. మొదటి వాక్యం ఆమెను బాధపెడుతుంది తప్ప ఎవరికీ ఏమీ నేర్పదు.

ఆర్డర్ చెప్పిన నిమిషం, చేతికి అందిన నిమిషం, టేబుల్ మీద మరకలు, బాత్‌రూమ్‌లో సబ్బు ఉందా లేదా, పేరు బిళ్ళ మీద ఏముంది అనే వివరాలు తలలో పెట్టుకునే పద్ధతి కూడా ఆ పాఠాల్లో ఉంది. ఇవన్నీ కంపెనీలు ప్రతి షాపుకూ ఉచితంగా ఇచ్చే సూచనల్లోనూ ఉంటాయి. ఓపిగ్గా రెండుసార్లు చదివితే చాలు. ఒక పద్ధతిగా ఒకేచోట కూర్చుని నేర్చుకోవాలనుకునేవారికి సిల్వర్‌కు కట్టే రుసుము వృథా కాదు. నేను కట్టినందుకు బాధపడలేదు.

5. షెడ్యూలర్ నమ్మేది మాట నిలబెట్టుకునే మనిషిని

పనులు పంచే షెడ్యూలర్‌కు నెలాఖరు వస్తే గుండె దడ. ఒప్పుకున్నవాళ్ళు వెళ్ళకపోతే ఆ షాపులు మిగిలిపోతాయి. అలాంటప్పుడు ఫీజు పెంచి, తప్పకుండా చేసేవాళ్ళకు ఫోన్ చేస్తారు. ఎవరికి చేస్తారు? గడువులోపల రిపోర్ట్ పంపేవారికి, రసీదు ఫొటో స్పష్టంగా జతచేసేవారికి, ఎడిటర్ అడిగినదానికి అదే రోజు జవాబిచ్చేవారికి. చాలా చోట్ల ప్రతి రిపోర్ట్‌కూ పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. నాకు మంచి ఫీజున్న అద్దె ఇళ్ళ షాపులు వచ్చింది ఆ మార్కులు చూసే. డబ్బుతో కొనలేని సర్టిఫికెట్ అదే.

6. చెక్కు ముందే వస్తే చేయి వెనక్కి తీసుకోండి

నిజమైన కంపెనీ పని చేశాకే డబ్బిస్తుంది, అదీ కొన్ని వారాల తర్వాత. పని మొదలు కాకముందే పెద్ద మొత్తానికి చెక్కు పంపి, "ఇందులో కొంత ఉంచుకుని మిగతాదానితో గిఫ్ట్ కార్డులు కొని వాటి నంబర్లు పంపండి" అన్నారంటే అది మోసం. బ్యాంకు రెండు మూడు రోజుల్లో ఖాతాలో డబ్బు చూపిస్తుంది. చెక్కు దొంగదని తేలడానికి వారాలు పట్టవచ్చు. తేలాక ఆ మొత్తమంతా మన ఖాతాలోంచే పోతుంది.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న మీ తమ్ముడికీ చెల్లికీ కూడా చెప్పండి. ఇంట్లో కూర్చుని రేటింగులు ఇచ్చే పని అంటూ రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే అదీ ఇదే కోవలోది. అక్కడ డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

7. మీకు నిజంగా కావలసిన కాగితం వీసా కాగితం

మన అమ్మాయిలకు ఇది అన్నిటికన్నా ముఖ్యం. హెచ్-4 వీసా మీద ఉండి, పని చేసే అనుమతి కార్డు లేకపోతే ఈ పని చేయకూడదు. "గంటే కదా, బర్గర్ తినడమే కదా" అనుకోవద్దు. డబ్బు తీసుకుని చేసేది ఏదైనా పనే. గ్రీన్‌కార్డు దారిలో భర్తకు ఐ-140 దరఖాస్తు ఆమోదం వచ్చిన చాలామందికి 2015 మే నుంచి ఆ కార్డు తీసుకునే వీలు కలిగింది. కార్డు చేతికొచ్చాకే మొదలుపెట్టండి. ఎఫ్-1 వీసా మీద చదువుకుంటున్న పిల్లలు దీని జోలికి పోవద్దు. సందేహముంటే సర్టిఫికెట్ సంగతి పక్కన పెట్టి, ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి. ఏ సిల్వరూ ఏ గోల్డూ వీసా తప్పును సరిదిద్దలేవు.

8. రిపోర్ట్‌కు అవతల ఒక మనిషి ఉంటుంది

సిల్వర్ వచ్చిన రెండేళ్ళకు ఒక బర్గర్ షాపుకు వెళ్ళాను. ఆర్డర్ తీసుకున్న అమ్మాయి నవ్వుతూ పలకరించింది. ట్రే అందించిన అమ్మాయి మాత్రం నా ముఖం చూడకుండా బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి రిపోర్ట్‌లో ట్రే సంగతి రాసి, రసీదు మీదున్న పేరు వేశాను. రసీదు మీద ఉండేది ఆర్డర్ తీసుకున్న అమ్మాయి పేరు. "మీరు రాసిన జుట్టు రంగు, ఈ పేరు ఒకే మనిషివేనా?" అని ఎడిటర్ అడిగింది కాబట్టి సరిపోయింది. లేకపోతే నవ్వుతూ పలకరించిన పిల్ల మీద నేనే మచ్చ వేసేదాన్ని. ఆమె డ్యూటీ గంటలు తగ్గినా ఎందుకో ఆమెకు తెలిసేది కాదు.

ఆ రోజుకి నా దగ్గర సర్టిఫికెట్ ఉంది. పరీక్షలో మంచి మార్కులూ ఉన్నాయి. అవేవీ నా చేతిని ఆపలేదు.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. షాపులోంచి బయటికొచ్చి కారులో కూర్చోగానే, తాళం తిప్పకముందే, ఎవరు ఏం చేశారో ఒక్కొక్కరి ఎత్తు, జుట్టు, పేరు పక్కపక్కనే చిన్న పుస్తకంలో రాసుకుంటాను. పేరు సరిగా కనపడకపోతే ఖాళీ వదిలేస్తాను, ఊహించి రాయను. ఈ పని మొదలుపెట్టే అమ్మాయిలకు నేను కొనమనేది ఆ చిన్న పుస్తకం, ఒక పెన్ను. వాటితో పది షాపులు చేసి రండి. ఆ తర్వాత సిల్వర్ కట్టాలా వద్దా అని నన్ను అడగాల్సిన అవసరం మీకు ఉండదు.