క్యాన్సర్ చికిత్సలో అంచనా – పరిశీలన

చెరకు పండే గోవాడ, చోడవరం ప్రాంతపు విద్యార్థులకు 'పాకం' అనే మాటను విడమరచి చెప్పనక్కరలేదు. బెల్లం వండే అనుభవజ్ఞుడు పొయ్యిమీద పెనం పెట్టి, ఇన్ని గంటలకు దింపుదునని నిశ్చయించుకొని నిద్రపోడు. రసం ఎంత చిక్కనిదో చూచి మొదట ఒక అంచనా వేస్తాడు. ఆపై నురుగును, రంగును కనిపెడుతూ, పాకపు చుక్కను చన్నీటిలో వేసి ఉండ కడుతున్నదో లేదో చూస్తూ, ఆ అంచనాను దిద్దుకుంటూ పోతాడు. క్యాన్సర్‌కు చికిత్స చేసే వైద్యుని పద్ధతి కూడా ఈ రెండు మెట్ల మీదనే నడుస్తుంది. మొదటిది అంచనా, రెండవది పరిశీలన. ఈ రెంటికీ గల సంబంధాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి అంచనా దేనిమీద ఆధారపడుతుంది?

మన పెద్దలు రాచపుండు అని భయపడిన ఈ వ్యాధి పేరు వినగానే రోగి బంధువులు వేసే మొదటి ప్రశ్న "ఎన్నాళ్లు బతుకుతాడు?" అనేది. దీనికి సమాధానం చెప్పడానికి వైద్యుడు జాతకం చూడడు, కొన్ని నిశ్చితమైన విషయాలను లెక్కలోకి తీసుకుంటాడు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు పియేర్ డెన్వా 1943 – 1952 సంవత్సరాల మధ్య రూపొందించిన టి.ఎన్.ఎం. వర్గీకరణ నేటికీ దీనికి పునాది. కణితి ఎంత పెరిగింది, సమీపంలోని శోషరస గ్రంథులకు పాకిందా, శరీరంలోని దూర భాగాలకు చేరిందా అన్నవే అందులోని మూడు ప్రశ్నలు. వీటికి సూక్ష్మదర్శినిలో కనిపించే కణాల స్వభావం తోడవుతుంది.

వ్యాధి బలంతో పాటు రోగి బలాన్ని కూడా కొలవాలి గదా! అమెరికా వైద్యుడు డేవిడ్ కర్నాఫ్‌స్కీ 1940ల చివర 100 నుండి 0 వరకు ఒక కొలబద్దను ఏర్పరచాడు. ఏ బాధా లేక తన పనులన్నీ చేసుకోగలవానికి 100. తన స్నానపానాదులు తాను చూచుకోగలిగినా వృత్తి పనులు చేయలేనివానికి 70. ఇతరుల సహాయం తరచు కావలసినవానికి 50. ఏ యంత్రమూ అక్కరలేని ఈ సామాన్యమైన కొలత, చికిత్సను రోగి ఎంతవరకు తట్టుకోగలడో చెప్పడంలో ఎంతో విలువైనదిగా నిలిచింది.

అయితే ఈ విధంగా వచ్చిన అంచనా ఒక సమూహానికి చెందినది. నూరుమందిలో అరవైమంది అయిదేళ్లు జీవిస్తారని లెక్క చెబితే, మన ఎదుట ఉన్న మనిషి ఆ అరవైమందిలోనివాడో, నలభైమందిలోనివాడో ఆ లెక్క చెప్పలేదు. జీవపరిణామ శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ జే గూల్డ్‌కు 1982లో ఉదరపు పొరకు సంబంధించిన అరుదైన క్యాన్సర్ సోకింది. ఆ రోగుల జీవితకాలపు మధ్యగతం ఎనిమిది నెలలని గ్రంథాలు చెప్పాయి. మధ్యగతమంటే సగంమంది అంతకు మించి జీవించారనే అర్థమని గణితం తెలిసిన ఆయన గ్రహించాడు. చికిత్స పొంది మరి ఇరవై ఏళ్లు జీవించి 2002లో మరణించాడు. కనుక అంచనా శిలాశాసనం కాదు. చికిత్స సాగుతున్నకొద్దీ దానిని దిద్దుకోవాలి. ఆ దిద్దుబాటు పేరే పరిశీలన.

పరిశీలన నేర్పిన పాఠాలు

ఈ చరిత్రలో ఒక తెలుగువాని పేరు సువర్ణాక్షరాలతో లిఖింపదగినది. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనాధిపతిగా ఉండగా, ఆయన నాయకత్వాన 1945లో ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ జరిగింది. బోస్టన్ నగరంలో పిల్లల వైద్యశాలకు చెందిన సిడ్నీ ఫార్బర్ ఆ ఆమ్ల సంబంధమైన పదార్థాలను రక్త క్యాన్సర్ గల పిల్లలకు ఇచ్చి, వారి రక్తాన్నీ ఎముకలలోని మూలుగనూ పరీక్షిస్తూ వచ్చాడు. వ్యాధి తగ్గలేదు సరికదా, మరింత వేగంగా పెరుగుతున్నట్లు తోచింది. ఆ చేదు నిజాన్ని దాచక పరిశీలనగా గ్రహించడం వల్లనే, ఫోలిక్ ఆమ్లం వ్యాధికి ఆహారమైతే దానిని అడ్డుకొనే పదార్థం మందు కావాలనే ఆలోచన బలపడింది. సుబ్బారావు బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ను 1947 చివర వాడడం ప్రారంభించారు. 1948లో ప్రకటించిన ఫలితాల ప్రకారం పదహారుమంది పిల్లలలో పదిమందికి తాత్కాలిక ఉపశమనం కలిగింది. ఆ ఏడాదే ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ అనే మందు రెండవ పాఠాన్ని నేర్పింది. గర్భస్థ శిశువును పోషించే మాయ కణజాలం నుండి పుట్టే క్యాన్సర్ ఒకటి కలదు. ఈ వ్యాధి గల స్త్రీల శరీరంలో ఒక హార్మోను విపరీతంగా తయారవుతుంది. 1956లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు ఈ రోగులకు మెథోట్రెక్సేట్ ఇచ్చారు. ఊపిరితిత్తులలోని కణుతులు ఎక్స్‌రే చిత్రంలో మాయమయ్యాయి. కాని హార్మోను మాత్రం స్వల్పంగా మిగిలే ఉన్నది. కంటికి కనిపించని వ్యాధి ఇంకా దాగి ఉన్నదని లీ భావించి, ఆ కొలత సామాన్య స్థితికి వచ్చేవరకు మందు ఆపలేదు. కంటికి కనిపించని వ్యాధికి విషతుల్యమైన మందు ఇవ్వడమేమని పెద్దలు ఆక్షేపించారు. 1957లో ఆయన ఆ సంస్థను విడువవలసి వచ్చింది. కాలక్రమాన, కణుతులు మాయమైన వెంటనే మందు ఆపినవారిలో వ్యాధి తిరగబెట్టిందని, చివరివరకు చికిత్స పొందినవారు స్వస్థులయ్యారని తేలింది. 1972లో లీ, హెర్ట్జ్‌లకు ప్రతిష్ఠాత్మకమైన లాస్కర్ బహుమానం లభించింది. వాపు పోవడం వేరు, వ్యాధి పోవడం వేరు అన్నదే ఇందులోని సారాంశం.

నేటి పరిశీలనా విధానం

నేడు వైద్యుడు చికిత్సా కాలంలో ముఖ్యంగా నాలుగు విషయాలను గమనిస్తాడు.

మొదటిది కణితి పరిమాణం. 2000 సంవత్సరంలో ప్రకటించిన అంతర్జాతీయ నియమాల ప్రకారం, స్కానింగు చిత్రాలలో ఎన్నుకొన్న కణుతుల అడ్డుకొలతల మొత్తం 30 శాతం తగ్గితే పాక్షిక గుణంగాను, 20 శాతం పెరిగితే వ్యాధి వృద్ధిగాను పరిగణిస్తారు.

రెండవది రక్తంలోని సూచికలు. ప్రొస్టేటు గ్రంథికి, పెద్ద ప్రేగుకు, అండాశయానికి వచ్చే క్యాన్సర్లలో కొన్ని ప్రత్యేక పదార్థాల హెచ్చుతగ్గులు వ్యాధి గమనాన్ని తెలుపుతాయి. ఒక్క పరీక్షాఫలితం కంటే, వరుసగా చేసిన పరీక్షల గమనమే ఎక్కువ చెబుతుంది. అందుచేత పాత కాగితాలను భద్రపరచడం అత్యవసరం.

మూడవది మందు చేసే హాని. అనేక మందుల తరువాత సుమారు 7 నుండి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గిపోతాయి. ఆ రోజులలో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వచ్చినా తెల్లవారనిమ్మని ఆగకుండా ఆసుపత్రికి చేరాలి. ఇంటి వైద్యంతో గడిపిన ఒక్క రాత్రి ప్రాణాపాయం కావచ్చు.

నాలుగవది రోగి నోటి మాట. న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో 766 మంది రోగులపై ఒక పరిశోధన జరిగింది. కొందరికి మామూలు పద్ధతిలో చికిత్స చేశారు. మిగిలినవారు నొప్పి, వాంతి, ఆయాసం, ఆకలి మందగించడం వంటి పన్నెండు లక్షణాలను ఎప్పటికప్పుడు కంప్యూటరు ద్వారా తెలియజేసే ఏర్పాటు చేశారు. లక్షణం తీవ్రమైతే నర్సుకు వెంటనే తెలిసేది. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం మామూలు పద్ధతిలో జీవితకాలపు మధ్యగతం 26 నెలలు కాగా, బాధను తెలియజేసినవారిలో అది 31.2 నెలలు. కొత్త మందు ఏదీ చేర్చలేదు. బాధను సకాలంలో చెప్పడం, విన్నవారు సకాలంలో స్పందించడం, ఇంతే జరిగింది.

మన ప్రాంతానికి అన్వయం

ఉత్తరాంధ్ర తీర గ్రామాలలో చుట్ట నిప్పును నోటిలోపల ఉంచి పీల్చే 'అడ్డపొగ' అలవాటు, ముఖ్యంగా స్త్రీలలో, చాలా కాలంగా ఉన్నది. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని లోకానికి తెలిసినదే. 1971లో జె. జె. పిండ్‌బోర్గ్, ఎఫ్. ఎస్. మెహతా మొదలైనవారు ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో 10,169 మంది అంగిలిని పరీక్షించిన ఫలితాలను ప్రకటించారు. చికిత్స మొదలైన తరువాత ఈ అలవాటు మానడం వల్ల ప్రయోజనమేమని కొందరు అడుగుతారు. కెనడాలో తల, మెడ క్యాన్సర్ రోగులపై జరిపిన పరిశోధన 1993లో దీనికి సమాధానమిచ్చింది. కిరణ చికిత్స పొందుతూ పొగ మానినవారిలో 74 శాతం మందికి కణితి పూర్తిగా కరగగా, పొగ సాగించినవారిలో అది 45 శాతం మాత్రమే. అనగా మొదటి అంచనాను మార్చే శక్తి కొంత రోగి చేతిలోనే ఉన్నది.

తల, మెడ క్యాన్సర్లకు కిరణ చికిత్స సామాన్యంగా వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు సాగుతుంది. మధ్యలో విరామం వచ్చి చికిత్స పొడిగినకొద్దీ, ఒక్కొక్క దినానికి వ్యాధి లొంగే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుందని నిపుణుల లెక్క. చెరకు నరికే కాలంలో కూలి పోతుందనో, వాపు తగ్గినది గనుక ఇక చాలుననో ఆగిపోయిన రోగి ఎంత నష్టపోతాడో దీనివల్ల ఊహించవచ్చు. విశాఖపట్నంలో టాటా స్మారక కేంద్రానికి చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి సంస్థలు మనకు అందుబాటులో ఉన్నాయి. ఆసుపత్రి దగ్గరున్నంత మాత్రాన చాలదు. చివరి దినం వరకు వెళ్లాలి, చికిత్స ముగిసిన తరువాత కూడా చెప్పిన గడువుకు తిరిగి చూపించుకోవాలి.

విద్యార్థి కర్తవ్యం

ఆసుపత్రి కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి. రోగి బాధ ఉర్దూలోనో తెలుగులోనో ఉంటుంది. ఈ రెంటి మధ్య నిలువగలవాడు ఆ ఇంట చదువుకొన్న విద్యార్థి. ఒక చిన్న పుస్తకంలో తేదీలవారీగా రోగి బరువు, జ్వరం, తిన్న ఆహారం, నొప్పి, చేసిన పరీక్షలు వ్రాసి ఉంచి, వైద్యునికి చూపించడం పదవ తరగతి విద్యార్థికైనా సాధ్యమే. "డాక్టరుగారు విసుక్కుంటారేమో" అని తమ బాధను మ్రింగుకొనే వృద్ధుల పక్షాన నోరు విప్పి చెప్పడం కూడా అతని ధర్మమే. మన కళాశాల యాజమాన్యం వారు ఏటా ఒక్క దినమైనా నోటి పరీక్షా శిబిరం ఏర్పాటు చేసి, ఇట్టి పుస్తకం వ్రాసే పద్ధతిని విద్యార్థులకు నేర్పించగలిగితే, చదువు ఇంటింటికీ ఉపకరించినదవుతుంది. ఆ పుస్తకంలో సకాలంలో వ్రాసిన ఒక్క పంక్తి, వైద్యుని అంచనాను దిద్ది ఒక ప్రాణాన్ని నిలబెట్టవచ్చు.