అక్వేరియంలో పాచి – నివారణ

మొక్కలు, చేపలు ఉన్న అక్వేరియం పాచి పట్టగానే నీళ్లన్నీ పారబోస్తుంటారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురిసే మన అనంతపురంలో అది తగని పని. పైగా కారణం పోనిదే పాచి మళ్లీ వస్తుంది.

పాచి అంటే శైవలాలు. వాటికి కావలసినవి వెలుతురు, నత్రజని, భాస్వరం. మిగిలిన మేత, చేపల మలం కుళ్లి ఈ ఎరువు తయారవుతుంది.

కాబట్టి తొట్టిని కిటికీ ఎండకు దూరంగా ఉంచాలి. లైటు రోజుకు 6–8 గంటలు చాలు. చేపలు 2 నిమిషాల్లో తినేంత మేతే వేయాలి. హైడ్రిల్లా, వాలిస్నేరియా మొక్కలు ఒత్తుగా పెరిగితే ఆ ఎరువును అవే పీల్చుకుంటాయి. మైలుతుత్తం వేయకూడదు, అది చేపలకూ విషమే.

వారానికి నాలుగో వంతు నీళ్లు మారిస్తే చాలు. తీసిన నీళ్లు హాస్టల్ వేపమొక్కకు పోయండి తమ్ముళ్లూ! పాచిని పెంచిన ఎరువే దాన్నీ పెంచుతుంది.