పెళ్లిమాటలకు ముందు రక్తపరీక్ష

చిలమత్తూరు

మేనకోడలికి,

పాడేరు పల్లెల్లో సికిల్ సెల్ పరీక్షలకు మిమ్మల్ని తీసుకెళ్తున్నారని రాశావు. వాహకురాలని తేలిన అమ్మాయి "నాకు పెళ్లవుతుందా?" అంటే ఏం చెప్పాలో తోచలేదన్నావు.

నీకు జబ్బు లేదని ముందు చెప్పు. హిమోగ్లోబిన్‌కు సంబంధించిన ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకటే మారితే వాహకులు, అందరిలాగే బతుకుతారు. రెండూ మారితేనే జబ్బు. మారేది హిమోగ్లోబిన్ గొలుసులో ఆరో స్థానం ఒక్కటే: గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ చేరుతుంది. అంతమాత్రానికే ఎర్రకణం కొడవలిలా వంగి సన్న నాళాల్లో ఇరుక్కుంటుంది. 120 రోజులు ఉండాల్సింది 10, 20 రోజుల్లో చితికిపోతుంది. జబ్బున్న బిడ్డ ఎముకల నొప్పితో రాత్రంతా ఏడ్చేది కణాలు అలా ఇరుక్కోవడం వల్లే.

ఇద్దరూ వాహకులైతే జబ్బు బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. అది ప్రతి కాన్పుకూ అంతేనని ఒత్తి చెప్పు. మొదటి బిడ్డకు వచ్చేసింది, ఇక మిగతా ముగ్గురికి భయం లేదని లెక్కేసుకునేవాళ్లు ఉంటారు.

ఏజెన్సీలో ఇది ఎక్కువన్నది ఎవరి పాపమూ కాదు. ఒక్క మారిన జన్యువు ఉన్నవాళ్లను మలేరియా అంతగా చంపలేదని 1954లో ఆలిసన్ అనే పరిశోధకుడు ఆఫ్రికాలో చూపించాడు. దోమలున్న అడవుల్లో తరతరాలు బతికి బట్టకట్టినవాళ్ల రక్తమది. ఈ మాట ఆ అమ్మాయికి తప్పకుండా చెప్పు.

ఇప్పుడు పని సంగతి. సాల్యుబిలిటీ పరీక్షలో ట్యూబు వెనక పెట్టిన కాగితం మీది గీతలు కనబడకపోతే సికిల్ ఉందని మాత్రమే అర్థం. వాహకులా, రోగులా అన్నది హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలోనే తేలాలి. ఆరు నెలల్లోపు పసిబిడ్డలో ఆ ట్యూబును నమ్మొద్దు. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నారేమో అడుగు. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి: ట్యూబులో ఏమీ లేదని తేలిన అబ్బాయి, హిమోగ్లోబిన్‌కే సంబంధించిన మరో జబ్బు బీటా తలసీమియాకు వాహకుడు కావచ్చు. ఈ అమ్మాయి సికిల్, అతని తలసీమియా రెండూ పడిన బిడ్డకు కూడా జబ్బే. అందుకే ఆమెకు కాబోయేవాడి రిపోర్టూ హెచ్‌పీఎల్‌సీదే ఉండాలి.

2023 జూలై 1న షహడోల్‌లో మొదలైన సికిల్ సెల్ జాతీయ మిషన్ 7 కోట్ల మందికి పరీక్షలని లక్ష్యం పెట్టుకుంది. పరీక్ష ఫలితం రాసిన కార్డు ఇచ్చేసి వచ్చేస్తే ఆ పని సగమే అయినట్టు. ఆడపిల్ల కార్డే అడిగి సంబంధం వదిలేసే ఇళ్లుంటాయి. అబ్బాయినీ పక్కన కూర్చోబెట్టి, ఇద్దరి కార్డులూ కలిపి చూసి మాట్లాడు. ఇద్దరూ వాహకులైనా చేసుకుంటామంటే అది వాళ్లిష్టం. మూడో నెలలోనే కడుపులో బిడ్డకు పరీక్ష చేయొచ్చని చెప్పి పంపు.

ఇక మన ఇంటి మాట. ఇక్కడ సికిల్ సెల్ పేరు వినబడేది తక్కువే, మేనరికాలకు మాత్రం కొదవ లేదు. ఒకరిలో మారిన జన్యువు ఉంటే అదే మేనమామలో ఉండే అవకాశం నాలుగింట ఒకటి, మేనబావలో ఎనిమిదింట ఒకటి. అరుదైన జన్యువైతే బయటివాళ్లలో ఆ అవకాశం చాలా తక్కువ. మీ నాన్న నిన్నూ మా వాణ్నీ కలుపుదామంటున్నాడు. నేను ఒప్పుకోలేదమ్మా. హెచ్‌పీఎల్‌సీ ఇద్దరికీ బాగానే వచ్చినా అది హిమోగ్లోబిన్ వరకే చెబుతుంది, మేనరికంలో బయటపడే మిగతా జబ్బుల సంగతి చెప్పదు. నీ మీద నాకు ప్రేమ తక్కువై కాదని నీకు తెలుసు. మీ నాన్నకు నువ్వూ ఒక ఉత్తరం రాయి, చదువుకున్న పిల్ల మాట వింటాడు.

మీ అత్త