ఒక్క ఎడ్జ్ తీసేస్తే: సింగపూర్ నడిబొడ్డున వాన అడవి

సింగపూర్‌లో అన్నిటికంటే ఎత్తయిన కొండ ఎంతో తెలుసా? 163 మీటర్లు. మా ఉదయగిరి దుర్గం కొండ 900 మీటర్లు దాటుతుంది. అయినా ఆ పొట్టి కొండ మీద ఏడాది పొడుగునా పచ్చగా ఉండే వాన అడవి ఉంది. చుట్టూ అపార్ట్‌మెంట్లు, మెట్రో, ఎక్స్‌ప్రెస్‌వే. మా కొండ మీద మాత్రం ఏప్రిల్ వచ్చేసరికి చాలా చెట్లు మోళ్ళే.

దాని పేరు బుకిత్ తిమా. పోయిన ఎండాకాలం సెలవుల్లో చిన్నాన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చూశాను. విస్తీర్ణం 163 హెక్టార్లు, మన హైదరాబాద్ కేబీఆర్ పార్కు కంటే కొంచెమే పెద్దది. టికెట్ లేదు. లోపలికి కాస్త నడిచామో లేదో వెలుతురు సగానికి తగ్గింది, కీచురాళ్ళ మోత మొదలైంది, చొక్కా తడిసిపోయింది. "మన పెంచలకోన కోతుల్లాగే ఇవీ సంచి కనిపిస్తే వదలవు, జాగ్రత్తరా" అన్నాడు చిన్నాన్న.

తేడా అంతా వానలో ఉంది. సింగపూర్‌లో ఏడాదికి 2,000 మిల్లీమీటర్ల పైనే పడుతుంది, అదీ దాదాపు అన్ని నెలలకీ సర్దుకుని. మన జిల్లాలో సుమారు 1,000, అందులో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే. అందుకే మన ఎర్రచందనం ఎండాకాలం ఆకు రాల్చి నీళ్ళు పొదుపు చేసుకుంటుంది. ఆ అవసరం లేని సెరాయా చెట్టు అక్కడ ఆకాశాన్నంటుతుంది. సెరాయాది గుగ్గిలం కుటుంబమే, అంటే శేషాచలంలోని జాలారి చెట్టుకి దూరపు చుట్టం!

డార్విన్‌తో పాటు పరిణామ సిద్ధాంతం చెప్పిన వాలెస్ 1854లో ఈ కొండ దగ్గరే పురుగులు పట్టుకున్నాడు. రెండు నెలల్లో దాదాపు 700 రకాల పెంకుపురుగులు దొరికాయట. 1883లో దీన్ని రక్షిత అడవి చేశారు.

ఇప్పుడు డేటా స్ట్రక్చర్స్ క్లాసు గుర్తు తెచ్చుకోండి. గ్రాఫ్‌లో నోడ్స్ అన్నీ ఉంచి, రెండు భాగాల్ని కలిపే ఒకే ఒక్క ఎడ్జ్ తీసేస్తే? రెండు ముక్కలవుతుంది, ఇటు నుంచి అటు పాత్ ఉండదు. 1980లలో ఇక్కడ సరిగ్గా అదే జరిగింది. బుకిత్ తిమాకీ పక్కనున్న పెద్ద అడవికీ మధ్య ఎక్స్‌ప్రెస్‌వే వేశారు. అడవి రెండు వైపులా అలాగే ఉంది, కానీ దాటబోయిన అలుగులు బండ్ల కింద పడ్డాయి. ఇటువైపు చిక్కుకున్న జంతువులకి జత కూడా ఇటువైపే దొరకాలి. చిన్న ముక్కలో తరాలు గడిచేకొద్దీ అది కష్టమవుతుంది.

2013లో ఆ రోడ్డు మీద 62 మీటర్ల పొడవున వంతెన కట్టారు, మనుషుల కోసం కాదు. పైన మట్టి పోసి అక్కడి చెట్లే నాటారు. తర్వాత కెమెరాల్లో అలుగులు దాటుతూ కనిపించాయి. పోయిన ఎడ్జ్ తిరిగి రావడానికి పాతికేళ్ళ పైనే పట్టింది.

నాకు ఇది చదువుతుంటే మన దారే గుర్తొచ్చింది. ఆత్మకూరు నుంచి బద్వేలు పోవాలంటే వెలిగొండలు దాటాలి. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ దక్షిణ తూర్పు కనుమల్లోనే. అలుగు మన తూర్పు కనుమల్లోనూ ఉంది. బద్వేలు నుంచి కృష్ణపట్నం పోర్టు వైపు నాలుగు వరుసల రోడ్డుకి 2025లో కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. రోడ్డు కావాలి, మా ఊళ్ళకి అది నిజంగా అవసరం. అయితే కొండ దాటే చోట జంతువులకి దారి ఎక్కడ వదులుతారన్నది డ్రాయింగ్ కాగితం మీద ఉన్నప్పుడే అడగాలి. మన సివిల్ బ్రాంచ్ వాళ్ళెవరైనా నాతో కూర్చుని ఆ మ్యాప్ చూస్తారా?