స్వరాల పెట్టెలో చోటు, కరెంటు

పరగోడు, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల రైతులకు బోరుబావి మోటార్ల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద ఎన్ని మోటార్లు నడవవచ్చునో దానికొక హద్దు ఉంది. పొలంలో చోటున్నది గదా అని ఇంకా ఇంకా బిగిస్తూపోతే వోల్టేజి పడిపోతుంది, మోటారు వైండింగు కాలిపోతుంది. భూమి లెక్క వేరు, కరెంటు లెక్క వేరు. ఈ రెండు లెక్కలూ వేయవలసిన సంగీత వాద్యం ఒకటున్నది. దాని పేరు మాడ్యులర్ సింథసైజరు.

భజనలో వాయించే హార్మోనియం మీరు చూసియుంటారు. అందులోని తిత్తి, పలుకులు, మెట్లు అన్నీ తయారుచేసినవాడే అమర్చి ఇస్తాడు. సింథసైజరులో అట్లా కాదు. ధ్వనిని పుట్టించే భాగం ఒకటి, దానిని వడగట్టే భాగం ఒకటి, హెచ్చుతగ్గులు చేసే భాగం మరొకటి. ఒక్కొక్క భాగాన్ని మాడ్యూలు అంటారు. కావలసినవాటిని వాయించేవాడే ఏరుకొని, ఒక పెట్టెలో బిగించి, తీగలతో కలుపుకొంటాడు.

1964లో అమెరికాలో రాబర్ట్ మోగ్ ఇటువంటి వాద్యాన్ని రూపొందించాడు. 1969లో ఒక మోగ్ వాద్యం మన దేశానికీ వచ్చింది. అహమదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో డేవిడ్ ట్యూడర్ అనే సంగీతజ్ఞుడు దానిని నెలకొల్పాడు. గీతా సారాభాయి మొదలైనవారు దానిమీద స్వరరచనలు చేశారు. 1969 నుండి 1972 వరకు అక్కడ తయారైన సంగీతం 2023లో ఆల్బముగా వెలువడింది. ఆనాటి వాద్యం పెద్దది. 1990ల మధ్యలో జర్మనీకి చెందిన డీటర్ డ్యోప్‌ఫర్ చిన్న కొలతలు గల పద్ధతిని తెచ్చాడు. దానిని యూరోర్యాక్ అంటారు. ఈ పాఠంలోని లెక్కలు ఆ పద్ధతివే.

మొదట చోటు సంగతి చూద్దాం. మాడ్యూళ్లన్నింటి ఎత్తూ ఒక్కటే, 128.5 మిల్లీమీటర్లు. వెడల్పు మాత్రం మారుతుంది. దానిని హెచ్.పి. అనే కొలతతో చెప్తారు. మోటారుమీది హెచ్.పి. అంటే అశ్వశక్తి, ఇక్కడ అది వెడల్పు. పేరొక్కటే, సంబంధమేమీ లేదు. 1 హెచ్.పి. అంటే 5.08 మిల్లీమీటర్లు. ఒక వరుసకు సాధారణంగా 84 హెచ్.పి. ఉంటుంది, అనగా సుమారు 43 సెంటీమీటర్లు. లోతును కూడా చూడాలి. 5 సెంటీమీటర్ల లోతుగల పెట్టెలో 6 సెంటీమీటర్ల మాడ్యూలు ఎట్లా పడుతుంది?

ఇక కరెంటు. పెట్టె వెనుకనున్న పలకనుండి ప్రతి మాడ్యూలుకూ ఒక పట్టీ తీగ పోతుంది. అందులో +12 వోల్టులు, −12 వోల్టులు అని రెండు ముఖ్యమైన దారులున్నాయి. కొన్నింటికి +5 వోల్టులు కూడా కావాలి. ఏ మాడ్యూలు ఏ దారిలో ఎన్ని మిల్లీ ఆంపియర్లు తీసుకొంటుందో తయారీదారు తెలుపుతాడు. ఒక దారిలో మిగిలినది మరొక దారికి అక్కరకు రాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఒక ఉదాహరణ. మన పెట్టె +12లో 1000, −12లో 450 మిల్లీ ఆంపియర్లు ఇస్తుందనుకొందాం. ధ్వని పుట్టించేవి మూడు: ఒక్కొక్కటి 12 హెచ్.పి., +12లో 90, −12లో 70. వడపోతలు రెండు: ఒక్కొక్కటి 8 హెచ్.పి., 60, 60. ప్రతిధ్వని మాడ్యూలు ఒకటి: 20 హెచ్.పి., 350, 40. హెచ్చుతగ్గులు చేసేవి రెండు: ఒక్కొక్కటి 6 హెచ్.పి., 50, 50. వెడల్పు కూడితే సరిగ్గా 84. పెట్టె నిండింది. రెండు దారులూ కలిపి కావలసినది 1310, ఉన్నది 1450. ఇంకా 140 మిగిలినట్లే కనబడుతుంది. విడివిడిగా కూడండి: +12లో 840, −12లో 470. రెండవ దారిలో 20 తక్కువ పడింది!

తక్కువ పడితే ఏమవుతుంది? ఈ వాద్యంలో స్వరాన్ని నిర్ణయించేది వోల్టేజే. ఒక వోల్టు పెరిగితే ఒక స్థాయి పెరుగుతుంది. స్థాయిలో 12 స్వరస్థానాలు గనుక, ఒక్కొక్కదానికి వచ్చేది సుమారు 83 మిల్లీవోల్టులే. సరఫరా కుంగితే శ్రుతి చెదరవచ్చు; ఒక్కొక్కప్పుడు పెట్టె అసలు పని ప్రారంభించదు.

స్విచ్చి వేసిన క్షణంలో చాలా మాడ్యూళ్లు మామూలుకంటె ఎక్కువ లాగుతాయి. కావున ప్రతి దారిలోనూ నాలుగవ వంతు మిగుల్చుకోవడం మేలు. ధ్వని పుట్టించేవి రెండు తీసివేస్తే −12లో 330 అవుతుంది, చాలినంత మిగులుతుంది. కాని 24 హెచ్.పి. చోటు ఖాళీ అవుతుంది గదా? ఒక సంకేతాన్ని నాలుగు తీగలకు పంచే మాడ్యూళ్లలో కొన్నింటికి కరెంటే అక్కరలేదు. అటువంటివి అక్కడ పెట్టవచ్చు. లేదా ఖాళీ పలకతో మూసివేయవచ్చు.

పట్టీ తీగకు ఒక అంచున ఎర్రచార ఉంటుంది. సాధారణంగా అది −12 వైపు. తిరగవేసి తగిలిస్తే మాడ్యూలు కాలిపోవచ్చు. తీగలు తగిలించేటప్పుడు స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీయాలి.

అభ్యాసం

1. పై ఉదాహరణలో ధ్వని పుట్టించేది ఒక్కటే తీసివేస్తే −12 దారిలో ఎంత మిగులుతుంది? అది చాలునా?
2. రెండు దారుల కరెంటును కలిపి కూడితే ఎందుకు మోసపోతాం? మీ సొంతమాటల్లో వ్రాయండి.
3. మీ ఊరి ట్రాన్స్‌ఫార్మరు కింద ఎన్ని మోటార్లున్నాయో పెద్దలనడిగి, వాటి అశ్వశక్తిని కూడి చూడండి.