చల్లని ఇంజిను

కొండాపూర్ ఒకప్పుడు చిన్న పల్లె. 1998లో పక్కనున్న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వచ్చింది. తరువాత కొండాపూర్ నిండా అపార్టుమెంట్లు లేచాయి. వాటి కింద ఖరీదైన కార్లు చేరాయి. కార్లు నడిపి బతికే డ్రైవర్లూ వచ్చారు.

వేగం కోసం చేసిన కారును స్పోర్ట్స్ కారు అంటారు. పొద్దున్నే స్టార్ట్ చేసి గట్టిగా తొక్కితే, కొన్ని కార్లలో ఇంజిను ఒక హద్దు దాటి తిరగదు. కొత్త డ్రైవరు కంగారు పడతాడు.

"అన్నా, బండి ఖరాబైందా?"

"ఖరాబు కాలే తమ్మీ. ఇంజిను ఇంకా చల్లగున్నది. జర ఆగు" అంటాడు మెకానిక్.

చల్లగా ఉంటే ఏమవుతుంది?

ఇంజినులో తిరిగే భాగాల మధ్య పలుచటి ఆయిల్ పొర ఉంటుంది. అది ఉన్నంతవరకు ఇనుము ఇనుముకు రాసుకోదు. రాత్రి బండి ఆగితే ఆయిల్ కింది తొట్టిలోకి దిగిపోతుంది. స్టార్ట్ చేయగానే పంపు దాన్ని పైకి తోడుతుంది. కానీ చల్లని ఆయిల్ చిక్కగా ఉంటుంది. చలికాలంలో ఆముదం సీసా వంచి చూడండి. ఎంత మెల్లగా జారుతుంది!

హైదరాబాదులో అంత చలి ఎక్కడిది అనుకుంటున్నారా? మే నెలలో 40 డిగ్రీల ఎండ మనకు మంట. ఇంజినుకు అదీ చలే. మామూలు ఇంజిన్ ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఎంత పలుచన ఉంటుందో, 40 డిగ్రీల దగ్గర దానికి ఆరేడు రెట్లు చిక్కన. జనవరి పొద్దున సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇంకొకటి ఉంది. పిస్టన్‌ను అల్యూమినియంతో చేస్తారు. అది తొందరగా వేడెక్కి ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న సిలిండరు మెల్లగా వేడెక్కుతుంది. ఒక్కసారిగా తొక్కితే పిస్టన్ సిలిండరును ఒరుసుకోవచ్చు.

కొన్ని స్పోర్ట్స్ ఇంజిన్లు నిమిషానికి 8 వేల సార్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 133 సార్లు! ఆ వేగంలో ఆయిల్ అందకపోతే బేరింగులు పాడవుతాయి. అందుకే కారులోని కంప్యూటరు అడ్డుపడుతుంది. 2000లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3 కారులో మీటరు చుట్టూ చిన్న లైట్లు పెట్టారు. ఇంజిను వేడెక్కేకొద్దీ అవి ఒక్కొక్కటే ఆరిపోతాయి. చదువు రానివారికీ తెలిసే ఏర్పాటు!

పాత కార్లలో, ఆటోల్లో ఇలా ఆపేది ఏదీ లేదు. అక్కడ డ్రైవరు కాలే కంప్యూటరు. ఇంజిను బోరుకు వస్తే చేతి డబ్బు పోతుంది. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ సంపాదనా ఉండదు.

అలాగని బండిని నిలబెట్టి చాలాసేపు ఆన్‌లో ఉంచకూడదు. పెట్రోలు దండగ. ఇంజిను కూడా తొందరగా వేడెక్కదు. అర నిమిషం ఆగి, మెల్లగా కదలాలి. మొదటి పది నిమిషాలు గట్టిగా తొక్కవద్దు. కొండాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ట్రాఫిక్ ఎలాగూ తొక్కనివ్వదు! మీటరులో నీటి వేడి ముల్లు మధ్యకు వచ్చినా తొందరపడవద్దు. ఆయిల్ నీటికంటే ఆలస్యంగా వేడెక్కుతుంది.

మీటరులో నూనె డబ్బా బొమ్మతో ఎర్ర లైటు ఉంటుంది. స్టార్ట్ చేసిన కొద్ది సెకన్లలో అది ఆరిపోవాలి. ఆరకపోతే బండి కదపవద్దు. వెంటనే ఇంజిను ఆపి, ఆయిల్ ఎంత ఉందో చూడండి.