ఆత్రేయపురంలో ఒక వీధి చరిత్ర

చరిత్ర అనగానే మనకు కోటలూ, శాసనాలూ, రాజుల వంశావళులూ గుర్తుకొస్తాయి. కోటా శాసనమూ లేని వీధికి చరిత్ర ఉండదా? ఉంటుందనే నా నమ్మకం. అందుకే ఆత్రేయపురంలో పూతరేకుల కొట్లున్న బజారును ఈ వ్యాసానికి ఎన్నుకున్నాను.

ఈ వీధి కథను కాలవ దగ్గర మొదలుపెట్టాలి. కాటన్ దొర ఆధ్వర్యంలో 1847లో ఆరంభమైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. బొబ్బర్లంక వద్ద బయలుదేరిన మధ్య డెల్టా ప్రధాన కాలవ ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకులకు చేరుతుంది. పొలాలకు నీరిచ్చిన కాలవే ఒకప్పుడు పడవలకు దారి కూడా. తరవాత బస్సులొచ్చాయి, పడవలు తగ్గాయి. ఈనాడు కొట్లకు బేరం రావులపాలెం - బొబ్బర్లంక రోడ్డున వచ్చేపోయే జనానిదే.

పూతరేకును విప్పి చూస్తే ఈ నేలంతా అందులోనే ఉంది. బియ్యం నానబెట్టి రుబ్బి, పిండిని పలచగా నీళ్లలా కలుపుతారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట పెడతారు. పల్చటి గుడ్డను పిండిలో ముంచి, కాగిన కుండ మీద ఒక్కసారి లాగితే చాలు, ఉల్లిపొర లాంటి రేకు వచ్చేస్తుంది. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది గాని, మంట కాస్త ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే ఊడి రాదు.

రేకులకు ఇప్పుడు జయ రకం బియ్యం వాడతారు. ఆ వంగడం విడుదలైంది 1968లో. మరి అంతకుముందు ఏ బియ్యంతో తీసేవారు? ఈ ప్రశ్నకు జవాబు గ్రంథాలయంలో కంటే, ఊళ్లోని పెద్ద ముత్తైదువుల దగ్గరే దొరుకుతుంది.

మనకు కనిపించేది కొట్టు. అసలు పని జరిగేది ఇళ్లల్లో, పొగలో. రేకులు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లు కట్టలు కట్టి ఇచ్చిన రేకులకు కొట్లో నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి చుడతారు. అట్టపెట్టె మీద కొట్టు పేరుంటుంది గాని, రేకు తీసిన మనిషి పేరుండదు.

ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో షాంబుల్స్ అనే పాత వీధి ఉంది. అది కసాయివాళ్ల వీధి. 1872లో అక్కడ 25 మాంసం కొట్లుండేవి, ఈనాడు ఒక్కటీ లేదు. అయినా ఆ వీధి చరిత్ర రాసిపెట్టి ఉంది. మన దగ్గర పని సజీవంగా ఉంది, రాతే లేదు.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. దానికి పూనుకున్న తయారీదారుల సంఘం కాటన్ పేరే పెట్టుకుంది. కాలవ తవ్వించిన దొరను ఊరు మరవలేదన్నమాట, సంతోషమే. అయితే ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది గాని, కుండ ముందు కూర్చున్నవారి జ్ఞాపకాలను కాపాడదు. ఆ పని మనమే చెయ్యాలి.

కనుక మిత్రులారా, వచ్చే సెలవుల్లో ఒక నోటుపుస్తకం పట్టుకు వెళ్దాం. ఈ పని ఎవరు నేర్పారు, మొదట అమ్మకానికి తీసిందెవరు, అప్పుడు నూరు రేకులకు ఎంత ఇచ్చేవారు, ఇప్పుడెంత ఇస్తున్నారు అని అడుగుదాం. చెప్పినవారి పేరు, వారొప్పుకుంటే, పైన రాసుకుందాం. ఈ వీధి చరిత్రకు మొదటి పుట అదే అవుతుంది.